అమ్మ గొంతుకు ఏడాది కాంట్రాక్టు

మా ఇంట్లో హార్డ్ డిస్కు పెట్టెకు సర్వీసు కార్డు ఉండేది. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం కోపం లేదు. అప్పట్లో నేనూ నవ్వాను. ఫ్యాక్టరీలో కంప్రెషర్‌కు వేలాడదీసినట్టు, అట్టముక్కకు చిల్లు పెట్టి, దారం కట్టి, పుస్తకమంత ఉన్న ఆ నల్లపెట్టె పక్కన మేకుకు తగిలించాడు మా నాయిన. చూడ్డానికి వచ్చినవాడు ఏం చేశాడో, మిషన్ ఎలా ఉందో దాని మీద రాసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే మా ఇంట్లో చాయ్ దొరకదు.

నాయినది లక్డారం ఊరు. కూలికి పోయే ఇంట్లో పుట్టాడు. ఎనభైల్లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేస్తుంటే మట్టి మోయడానికి వచ్చి, మట్టి మోసిన ఫ్యాక్టరీలోనే హెల్పరుగా చేరి, చివరికి ఫిట్టరయ్యాడు. బొంబాయి రోడ్డుకు ఇవతల వరసగా కట్టిన కిరాయి గదుల్లో మాదొకటి. ముందొక గది, వెనకొక గది, మధ్యలో చీర తెర. పొద్దున మొదటి షిఫ్టు సైరన్‌కు వీధంతా లేచేది. గాలి ఎటు నుంచి వీస్తే అటువైపు ఫ్యాక్టరీ వాసన వచ్చేది. కళ్లు మూసుకుని కూడా ఇవాళ గాలి ఎటుదో చెప్పగలిగేవాళ్లం. మంచి వాసన కాదు, ముక్కు మూసుకునే వాసనే. అయినా ఇప్పటికీ ఎక్కడైనా అలాంటిది తగిలితే నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది, అక్కడే కాసేపు నిలబడిపోతాను.

ఆయన పని కంప్రెషర్ రూములో. అక్కడ ఇద్దరు మాట్లాడుకోవాలంటే సైగలే గతి. చెవుల్లో పెట్టుకొమ్మని ఫ్యాక్టరీ వాళ్లు దూది ఇస్తే, దాన్ని భద్రంగా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, దీపం వత్తులకని అమ్మకిచ్చేవాడు. ఆ రూములో అందరూ అంతే. మా లైనులో ఏ ఇంట్లో దీపం చూసినా అది ఫ్యాక్టరీ దూదే. అలా దేవుడి దగ్గర వెలుగు బాగానే ఉండేది గాని, నాకు ఊహ తెలిసేనాటికి నాయిన చెవులు మొద్దుబారాయి. మా ఇంట్లో అందరం కొట్లాటకు దిగినట్టే మాట్లాడుకునేవాళ్లం. పక్క గదిలో ఉండే బీహారు కార్మికులు తెలుగు నేర్చుకున్నది మా గోడలోంచే. వాళ్లు కూడా ఉప్పు కావాలన్నా అరిచే అడిగేవాళ్లు.

చెవులు మందగించినా ఆయన పనిలో మాత్రం తేడా రాలేదు. నడుస్తున్న మిషన్ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు కళ్లు మూసుకునేవాడు. బేరింగు అరుగుతోందా, బోల్టు వదులైందా, అన్నీ ఆ చెయ్యికి తెలిసిపోయేవట.

"మిషన్‌ను చెవుతోని వినొద్దు బిడ్డా. చెయ్యితోని వినాలె," అనేవాడు నాతో.

ఇంట్లోనూ అదే పద్ధతి. మిక్సీ మీద చెయ్యి, టేబుల్ ఫ్యాను మీద చెయ్యి, జ్వరం వస్తే నా నుదుటి మీద చెయ్యి. నా నుదురు చూసి కూడా "హీటెక్కింది, జెరసేపు బంద్ వెట్టున్రి" అనేవాడు. అంటే బడికి పంపొద్దని అర్థం.

ఇక అమ్మ. అమ్మ పాడేది. బతుకమ్మ రోజుల్లో మా లైను ఆడవాళ్లు పూల కంటే ముందు అమ్మ కోసం చూసేవాళ్లు. సన్నటి గొంతు, ఎక్కడా వణకకుండా పైపైకి వెళ్లేది. వెనక ఫ్యాక్టరీ గోడ దాకా వినిపించేదని వాచ్‌మెన్ అనేవాడు. ఊళ్లో నేర్చుకున్న పాటలన్నీ అయిపోయాక, మా బతుకుల మీద తనే కట్టేది.

ఏ షిఫ్టు మొగడొచ్చె ఉయ్యాలో
ఎర్రని కన్నుల్ల ఉయ్యాలో
సద్దిగిన్నె సూడు ఉయ్యాలో
సగమె తిన్నాడమ్మ ఉయ్యాలో

నాయిన మీదే కట్టి, నాయిన వినేటట్టే పాడి, చుట్టూ తిరుగుతున్నవాళ్లను నవ్వించేది. ఆయన సిగ్గుపడి తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. మళ్లీ మర్నాడు, "ఆ సద్దిగిన్నె పాట పాడవా ఏందే," అని ఆయనే అడిగేవాడు.

నేను ఇంకా పలకాబలపం వయసులో ఉండగా బోనస్ డబ్బులతో ఒక టేప్ రికార్డరు కొన్నాడు. అమ్మను దాని ముందు కూర్చోబెట్టి ఆ పాటలన్నీ క్యాసెట్లలోకి ఎక్కించాడు. ఆదివారాలు, తలుపులు మూసి. తలుపులు మూసినా ఏం లాభం? పాట మధ్యలో కుక్కరు కూత, సైరన్ కూత, వాటికి తోడు నా ఏడుపు. ఒక పాటలోనైతే నాయిన గొంతు కూడా పడింది: "గా పోరిని జెర ఊకోబెట్టే." అమ్మ పాట ఆపకుండానే నా వీపు మీద తడుతున్న చప్పుడు దాని వెనకే వినబడుతుంది.

నేను సంగారెడ్డిలో డిగ్రీ చదువుతుండగా అమ్మ గొంతులో గడ్డ లేచింది. పట్నంలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదు గాని గొంతు మునుపటిలా ఉండకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అలాగే అయింది. కుట్లు మానాక వచ్చిన గొంతు ఎక్కడో అడుగున గరగరమనేది. పైకి ఎక్కబోతే తెగిపోయేది.

"రేకుడబ్బల రాళ్లేసి ఊపినట్టున్నది నా గొంతు," అని అమ్మే ఎగతాళి చేసుకునేది. మాటలు ఎప్పటిలాగే మాట్లాడింది, తిట్లు ఎప్పటిలాగే తిట్టింది. పాడటం మాత్రం మానేసింది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగేది, పెదవి కదిపేది కాదు. వంటింట్లో కూనిరాగం కూడా పోయింది. అన్నం ఉడుకుతున్న చప్పుడు అంత స్పష్టంగా వినబడటం నాకు అలవాటు కాలేదు.

డిగ్రీ అయ్యాక నాకు పటాన్‌చెరులోనే ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో కంప్యూటరు మీద ఉద్యోగం దొరికింది. అప్పటికి కిరాయి గది వదిలి, రోడ్డుకు అవతలి కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. వాయిదాల మీద నేనూ ఒక కంప్యూటరు కొన్నాను. క్యాసెట్లకు బూజు పడుతోందని, బజారులో కంప్యూటర్ షాపు పెట్టిన అతని దగ్గరికి తీసుకెళ్లాను. మా పక్క ఊరివాడే, నాయినను కాకా అనేవాడు, నన్ను చెల్లె అనేవాడు. పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు గాని, దాంట్లో ఇక చోటు మిగల్లేదు. అందుకని విడిగా తగిలించుకునే ఈ హార్డ్ డిస్కు పెట్టె అంటగట్టాడు. పాటలు కంప్యూటరులోంచి తీసేసి దాంట్లోకి మార్చాం. దాంతోపాటు ఒక సాఫ్టువేరు వచ్చింది. పెట్టెలో పెట్టినవన్నీ అదే సర్దుతుంది, అదే తాళం వేస్తుంది, అది లేకుండా ఏదీ తెరుచుకోదు. అన్నీ ఒక పద్ధతిగా ఉన్నాయని నేను మురిసిపోయాను.

క్యాసెట్లు ఏం చేద్దామని అమ్మ అడిగింది. "కొత్త మిషన్ నడుపుడు వెట్టినంక పాతదాన్ని షెడ్డుల ఉంచరు," అన్నాడు నాయిన. ఫ్యాక్టరీ రూలు. పాతసామాన్ల బండికి వేసేశాం.

కొత్త పెట్టెను ఊరికే వాడతాడా ఆయన? కొత్త స్కూటరును తీసుకెళ్లినట్టే తువ్వాలలో చుట్టి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని బొంతపల్లి వీరభద్రస్వామి దగ్గరికి తీసుకెళ్లాడు. పూజారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని ఎదురు భాగం ఏది?" అని అడిగాడు. నాకే తెలియదు. లైటు ఉన్నవైపే మొహం అని నాయిన తేల్చాడు. అక్కడే బొట్టు పెట్టారు.

ఆ ఏడు బతుకమ్మకు కంప్యూటరు స్పీకరును కిటికీలో పెట్టి, వాకిట్లో అమ్మ పాటలు వేశాం. ఆడవాళ్లంతా ఒక్క నిమిషం ఆగిపోయారు. తర్వాత కోరస్ అందుకున్నారు. కిటికీలోంచి అమ్మ గొంతు, కింద పూల చుట్టూ చప్పట్లు కొడుతూ అమ్మ. ఎన్నాళ్ల తర్వాతో ఆమె మొహం విప్పారింది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు పని తెమిలాక, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది.

"నన్ను జెర వెట్టు బిడ్డా," అనేది.

పాట పెట్టమని కాదు, తనను పెట్టమని. నేను పెట్టేదాన్ని. కూరగాయలు తరుగుతూ తన పాటే తను వినేది. వినేటప్పుడు ఆమె గొంతు దగ్గర నరం ఒకటి కదిలేది. నాయిన ఇంట్లో ఉంటే ఆయనా వచ్చి పక్కన కూర్చుని, స్పీకరు డబ్బా మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు.

"హీటెక్కుతున్నదా నాయినా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"బేరింగు మంచిగనే ఉన్నది," అనేవాడు కళ్లు తెరవకుండా. అమ్మా నేనూ పగలబడి నవ్వేవాళ్లం.

ఏడాది తిరిగింది. ఒకరోజు పెట్టె తెరవబోతే తెర మీద ఇంగ్లీషులో నోటీసు. ఉచిత గడువు అయిపోయిందట, డబ్బు కట్టి సాఫ్టువేరు అప్‌డేట్ తీసుకోవాలట, అప్పటిదాకా ఏదీ తెరుచుకోదట. నాకు ఒళ్లు మండింది. పెట్టె మేం కొన్నదే, పాట మా అమ్మదే, మధ్యలో వీడెవడు? షాపతన్ని ఇంటికి పిలిచి కడిగేశాను. అతను తల గోక్కున్నాడు. ఏటేటా కట్టాల్సిందే అన్నాడు. కంపెనీ కార్డు మీదే తీసుకుంటుంది, మన బజారులో కార్డు ఉన్నది తనకే కాబట్టి తను కట్టి, ఇంటర్నెట్ నుంచి దింపి సీడీలో ఇస్తానన్నాడు.

నాయిన మాత్రం కోప్పడలేదు. శ్రద్ధగా విన్నాడు. "ఏఎంసీ అన్నట్టు," అన్నాడు. ఫ్యాక్టరీలో మిషన్లకు ఏడాదికింతని మరమ్మతు కాంట్రాక్టు ఉంటుంది, దాన్ని అందరూ ఏఎంసీ అనే అంటారు. ఆయనకది కొత్త కాదు. ఆయన అభ్యంతరం వేరే.

"సరే, పైసలు కడుత. మనిషి ఎప్పుడొస్తడు?" అన్నాడు.

"మనిషి రాడు కాకా. అప్‌డేట్ ఇంటర్నెట్ల నుంచి వస్తది," అన్నాడు షాపతను.

"పైసలు తీస్కుంటడు, మనిషిని పంపడా? మా ఫ్యాక్టరీల గిట్ల జేస్తే వాన్ని గేటు దాటనియ్యరు. మిషన్ సూడాలె, తుడ్వాలె, కార్డు మీద సంతకం వెట్టాలె. అప్పుడే బిల్లు."

షాపతను నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది, నవ్వాపుకోవడానికి. చివరికి ఒప్పందం కుదిరింది. మనిషి షాపతనే. ఏటా బతుకమ్మకు ముందు సీడీతో వస్తాడు, పెట్టెను గుడ్డతో తుడుస్తాడు, అప్‌డేట్ ఎక్కిస్తాడు, కార్డు మీద 'రన్నింగ్' అని రాసి సంతకం పెడతాడు, చాయ్ తాగి డబ్బు తీసుకుని పోతాడు. ఆ మొదటిసారి అతను తుడుస్తుంటే నాయిన పక్కనే నిలబడి, "మూలలల్ల తుడువు తమ్మీ," అన్నాడు. పాటలు మళ్లీ వచ్చాయి. ఆ ఏడు బతుకమ్మ బాగా జరిగింది.

తర్వాతి ఏడు షాపతనికి పని ఎక్కువై రోజూ రేపు రేపు అంటూ, చివరికి పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి పొద్దున వచ్చాడు. గడువు అప్పటికే దాటిపోయి పెట్టె తెరుచుకోవడం లేదు. సాయంత్రానికల్లా పాటలు కావాలి. అతను సీడీ పెట్టి నొక్కాడు. తెర మీద నీలిగీత చీమలా పాకసాగింది.

"ఇది అయ్యేదాక కరెంటు బంద్ కావద్దు చెల్లె. నడుమల ఆగిందంటే పెట్టె ఖతం. యూపీఎస్ ఉన్నది గద, ఫికర్ లేదు. షాపు సూస్కోని మాపటికొస్త," అని వెళ్లాడు.

కరెంటు పోతుందనే మా భయం. వెనక వాకిట్లో నేనూ అమ్మా తంగేడు, గునుగు ముందేసుకుని బతుకమ్మ పేర్చడంలో పడ్డాం. నాయిన ఇంట్లో లేడు. దసరా సెలవుకు ముందే ఆ రోజు ఫ్యాక్టరీలో ఆయుధపూజ.

ఆయుధపూజ సంగతి చెప్పాలి. ఆయనకు అన్ని పండగలకంటే అదే పెద్దది. ఆ రోజు మిషన్లన్నీ ఆపి, కడిగి, తుడిచి, బొట్లు పెట్టి, ప్రతిదాని ముందూ కొబ్బరికాయ కొడతారు. ఏడాదంతా మనకు చాకిరీ చేసినదానికి ఆ ఒక్కరోజు పని చెప్పకూడదు. ఇంట్లోనూ అదే నియమం. అమ్మ పొద్దున ఆయన లేవకముందే పచ్చడి మిక్సీ వేసేసుకునేది. తర్వాత మిక్సీ ముట్టుకుంటే ఊరుకోడు.

ఆయన నుదుట కుంకుమతో, చేతిలో మిఠాయి డబ్బాతో, కొబ్బరికాయల సంచితో ఇంటికొచ్చాడు. మేం వెనక ఉన్నాం, చూడలేదు. వరసగా స్కూటరు, కుట్టుమిషను, మిక్సీ, టేబుల్ ఫ్యాను, అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ కంప్యూటరు దగ్గరికి వచ్చాడు. పెట్టె లైటు టకటకా కొట్టుకుంటోంది. ఈ పొద్దు కూడా దీనితో పని చేయిస్తున్నారని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇది తర్వాత ఆయనే చెప్పాడు. మెల్లగా యూపీఎస్ స్విచ్చి ఆపాడు. చల్లారనిచ్చాడు. మెత్తటి గుడ్డతో మూలలన్నీ తుడిచి, లైటు ఉన్నవైపు పసుపు, కుంకుమ పెట్టి, ముందు గదిలో మిగిలిన మా తంగేడు పూలే రెండు తెచ్చి పెట్టి, కర్పూరం తిప్పి, కొబ్బరికాయ కొట్టి రెండు చిప్పలూ దాని ముందు పెట్టాడు.

సాయంత్రం షాపతను రావడం, నేను వాకిట్లోంచి పరుగున రావడం ఒకేసారి జరిగింది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు బంద్ చేసిండ్రు?" అన్నాడు.

"నేనే," అన్నాడు నాయిన సంతోషంగా. "ఆయుధపూజ గద తమ్మీ. దానికి గూడ జెర ఆరామ్ వద్దా?"

అతను కూర్చుని ఎన్ని విధాల ప్రయత్నించాడో. పెట్టె లైటు వెలిగిందంటే వెలిగింది, అంతే. లోపల ఏమీ లేనట్టే చూపించింది. నాయినకు ఏం జరిగిందో అరిచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాట అరిచి చెప్పడం ఎంత కష్టమో మీకెలా చెప్పను? నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆయన మొహం చూస్తే ఎవరికీ రాదు. అమ్మ బతుకమ్మను ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. ఆడవాళ్లు వాళ్లకు గుర్తున్న చరణాలు వాళ్లే పాడారు, గుర్తులేనిచోట నవ్వి దాటేశారు. అమ్మ చప్పట్లు కొడుతూ తిరిగింది. నాయిన కిటికీ దగ్గర, మోగని స్పీకరు మీద చెయ్యి పెట్టి, అందరూ వెళ్లేదాకా నిలబడే ఉన్నాడు.

షాపతను పెట్టెను పట్నం తీసుకెళ్లి చూపించాడు. బాగు చేయవచ్చు గాని, చేస్తే లోపలివన్నీ చెరిగిపోతాయన్నారు. వద్దని నాయిన వెనక్కి తెప్పించాడు. ముందు ముందు ఏదైనా కొత్త అప్‌డేట్‌తో తెరుచుకుంటుందేమో చెప్పలేమని వాళ్లు అన్నారట. ఆ మాట నోటికొచ్చి అన్నదో, నిజమో నాకు తెలియదు. నాయిన మాత్రం దాన్ని పట్టుకున్నాడు.

మరుసటి ఏడు షాపతన్ని తనే పిలిపించాడు. తుడిపించాడు, సీడీ పెట్టించాడు, ఏమీ కాలేదు, డబ్బిచ్చాడు. షాపతను కార్డు మీద 'బంద్' అని రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"బంద్ అని రాయకు. వేరే మాటలు మస్తుగున్నయి. 'అబ్జర్వేషన్‌ల ఉన్నది' అని రాయి."

ఆ పై ఏడూ అంతే. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, చేతికొచ్చేది కొంచెం. నేను ఆగలేకపోయాను. "నడవనిదానికి ఎందుకు కట్టుడు నాయినా?" అని అరిచాను. నిజంగానే అరిచాను, చెవుల కోసం కాదు. ఆయన కార్డును మళ్లీ మేకుకు సరిగ్గా తగిలించాడు. అమ్మ మా ఇద్దరినీ చూస్తూ కూర్చుంది.

అమ్మ మాట్లాడింది ఆ తర్వాతి ఏడు. బతుకమ్మకు ముందు ఎప్పట్లాగే షాపతను వచ్చాడు, ఎప్పట్లాగే తుడిచాడు, ఎప్పట్లాగే పెట్టె తెరుచుకోలేదు. అతనికే సిగ్గుగా ఉంది. "ఇడిసిపెట్టు కాకా, నేను పైసలు తీస్కోలేను," అన్నాడు. నాయిన వినలేదు, డబ్బు తేవడానికి లేవబోయాడు. చాయ్ గ్లాసులు తెచ్చిన అమ్మ పళ్లెం కింద పెట్టి, ఆయనకెదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకెన్నేండ్లు కడుతవయ్యా ఆ డబ్బకు?" అంది.

గరగరమనే గొంతు, అయినా ఆయన మళ్లీ చెప్పమనలేదు. లేవబోయినవాడు మళ్లీ కూర్చుని అన్నాడు.

"ఏఎంసీ బంద్ అయిన మిషన్‌ను స్క్రాపుల రాస్తరే. నీ గొంతును స్క్రాపుల రాయమంటవా నన్ను? నా చెయ్యితోనే బంద్ చేస్తి."

అమ్మ కళ్లు నిండాయి. "నేను సచ్చినట్టు మాట్లాడుతున్నవ్. నేను ఈడనే ఉన్న గద," అంది. తర్వాత ఏమనుకుందో, గొంతు సవరించుకుంది. పాడింది.

ఏ షిఫ్టు మొగడొచ్చె ఉయ్యాలో.

వెనకటి ఎత్తున అందుకోలేదు. అందదని తెలుసు ఆమెకు. ఎక్కడో కింద, మాట్లాడే గొంతు కంటే కొంచెం పైన మొదలుపెట్టింది. రెండో పాదంలో గొంతు జీరబోయింది, ఆగి దగ్గి మళ్లీ అందుకుంది. అందంగా ఉందని చెప్పను. ఆపరేషన్ తర్వాత నేను విన్న మొదటి పాట అది. నేను తలుపు పట్టుకుని ఏడుస్తున్నాను. షాపతను గ్లాసు ఎత్తి అలాగే పట్టుకుని ఉన్నాడు. నాయిన చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. దేని మీదా చెయ్యి పెట్టలేదు, కళ్లు మూసుకోలేదు. సద్దిగిన్నె దాకా వచ్చేసరికి ఆయన పెదవులు కదిలాయి. మాటకు మాట సరిగ్గా అందుకుంటున్నాడు.

పాట ఆగింది.

"ఇది వినొస్తున్నదే," అన్నాడు నాయిన. ఆశ్చర్యంగా అన్నాడు.

"ఏంది?" అంది అమ్మ.

"ఈ గొంతు నాకు వినొస్తున్నది. ఆ పాత గొంతు మస్తు సన్నం గద, మీదికి వోతుండె. నాకు అందక శాన ఏండ్లాయె. నీ ఆపరేషన్ కంటె ముందుగాలనే. డబ్బ మీద చెయ్యి వెడితె జెర అదురు తెలుస్తుండె, గంతే."

నాకు స్పీకరు గుర్తొచ్చింది, హీటెక్కుతున్నదా అని నేను నవ్వడం గుర్తొచ్చింది. అమ్మ ఆయన్నే చూస్తోంది. ఆమె గొంతు ఇంకా కిందికి దిగిపోయింది.

"మరి నీకు వినరాని పాటకు ఇన్నేండ్లు పైసలు ఎందుకు కట్టినవయ్యా?"

"నీకు వినొస్తది గద," అన్నాడు.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ముక్కు చీదుకుని, "చెవిటి ముండాకొడుకు," అని ప్రేమగా తిట్టింది. అదీ ఆయనకు వినబడింది, నవ్వాడు. షాపతను ఏం చేయాలో తెలియక, అలవాటుగా మేకు మీది కార్డు తీసి జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏం రాయాలె కాకా?" అన్నాడు.

నాయిన అమ్మ మీద నుంచి చూపు తిప్పలేదు.

"రన్నింగ్ అని రాసి సంతకం వెట్టు తమ్మీ. ఇగ కాంట్రాక్టు అక్కర లేదు," అని, అమ్మ వైపు కొంచెం జరిగి కూర్చున్నాడు. "మల్ల మొదటిసంది పాడు."